రంగం ఓడలెక్కిన తీరానికి మ్యూజియం ఏదీ?

సెలవు దొరికితే శ్రీకాకుళం జిల్లాలోని బారువ తీరానికి జనం బాగానే వస్తారు. కెరటాల్లో తడిసి, కొబ్బరి నీడన భోంచేసి, సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. తీరానికి కాస్త దూరంలో చిల్కా అనే స్టీమరు శిథిలాలు నీటి అడుగున ఉన్నాయి. ఆ ఓడ కథను, అలాంటి ఓడలెక్కి వెళ్ళిన మన మనుషుల కథను చెప్పే మ్యూజియం మాత్రం ఈ ఉద్దానం తీరంలో లేదు.

బారువ, కళింగపట్నం ఒకప్పుడు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు ఆగిన రేవులు. పంట పోయినా, అప్పు మీద పడినా ఇక్కడి కుటుంబాలకు కనబడిన దారి రంగం, అంటే రంగూన్. అక్కడి రేవులో బస్తాలు మోసినవారు, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చినవారు మనవాళ్ళే. 1930 మేలో రంగూన్‌లో తెలుగు రేవు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాన్ సేనలు రావడంతో వేలమంది కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన వెనక్కి వచ్చారు. దారిలోనే రాలిపోయినవారి పేర్లు ఏ గోడ మీదా లేవు. ఆ ప్రయాణాన్ని కళ్ళారా చూసినవారు ఇప్పుడు ఎందరు మిగిలి ఉంటారు?

మరుగున పడిన కథ ఇదొక్కటే కాదు. ఇటు టెక్కలి వైపు నౌపడ ఉంది. ఉప్పు మడులకు పేరున్న ఊరు. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు 1900లో ఇక్కడి నుంచే బయలుదేరింది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద ఒక శతాబ్దం నడిచి, చివరికి బ్రాడ్‌గేజ్‌లో కలిసిపోయింది.

మందస వెళ్ళినవారు కోటనూ వాసుదేవ పెరుమాళ్ ఆలయాన్నీ చూస్తారు. చూడవలసినవే. కానీ అదే జమీందారీలో, గుడారి రాజమణిపురంలో, 1940లో జమీందారుపై రైతుల పోరాటంలో పోలీసు తూటాలకు నేలకొరిగిన వీర గున్నమ్మను తెలుసుకోకపోతే ఆ కోట ఎవరి కష్టం మీద నిలబడిందో అర్థం కాదు. అదే ఏడాది అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరగడం కాకతాళీయం కాదు. పాలకుల గోడలను మాత్రమే చూపే పర్యాటకం మనకు సగం చరిత్రే ఇస్తుంది.

ఈ చరిత్రకు ఒక మ్యూజియం కట్టడం చేయలేని పనేమీ కాదు. 1919లో గిడుగు రామమూర్తి ఇదే జిల్లాలోని శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను గుర్తించారు. తర్వాత తవ్వకాలు జరిగాయి, మ్యూజియం వచ్చింది. పట్టించుకున్న చోట చరిత్ర నిలిచింది.

2023 ఏప్రిల్‌లో ఇదే తీరంలోని మూలపేట రేవుకు శంకుస్థాపన జరిగింది. రేవుతో పాటు తీరం రూపు మారుతుంది. కొత్త ఓడలకు కోట్లు పెట్టే ప్రభుత్వం, పాత ఓడలెక్కినవారి కోసం నౌపడలోనో బారువలోనో ఒక భవనం కట్టలేదా? రేవు ఖర్చులోనే దానికీ వాటా కేటాయించాలి. చిన్న రైలు గుర్తులు, ఉప్పు పనిముట్లు, రైతు పోరాటాల కాగితాలు అక్కడికి చేరాలి.

అందాకా మనం చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో రంగం నుంచి వచ్చిన ఉత్తరమో, ఓడ టిక్కెట్టో, ఫొటోనో ఉంటే పారేయకండి. ఆ రోజుల సంగతులు విన్న పెద్దవాళ్ళుంటే కూర్చోబెట్టి అడగండి, వారి మాట రికార్డు చేయండి.