శుద్ధికి సీసా యేల?

ఈ నడుమ మన పట్టణములలో నొక వింత చిట్కా ప్రబలుచున్నది. మరుగుదొడ్డి పళ్లెము గారకట్టినను, కొళాయి త్రుప్పుపట్టినను, రాగిచెంబు నల్లబడినను, అంగడికి బోయి కోకాకోలా సీసా తెచ్చి పోయుడని హితవు చెప్పువారు బయలుదేరిరి. ఇందలి నిజానిజములను విచారింతము.

నిజము కొంత గలదు. దానిని దాచుట మాకు సమ్మతము గాదు. ఆ పానీయమున ఫాస్ఫారికామ్లము స్వల్పముగా నున్నది. అది త్రుప్పును, నీటిగారను కొంతవరకు కరగించును. కాని పని చేయునది ఆమ్లమే గాని సీసామీది పేరు గాదు. మన తల్లులు ఇత్తడి బిందెలను చింతపండుతో తోముట యెందులకు? అందు టార్టారికామ్లము గలదు. నిమ్మచెక్కలో సిట్రికామ్లము గలదు. ఆ కంపెనీ 1977లో మన దేశము విడిచి పోయి, 1993లో మరల వచ్చినది. ఆ పదునారేండ్లును మన బిందెలు మెరయక మానినవా?

ఇక నష్టము వినుడు. ఆ పానీయమున నూరు మిల్లీలీటర్లకు పది గ్రాములకు మించి చక్కెర గలదు. బాగుగా కడుగనిచో జిగట మిగులును, చీమలు చేరును. జిడ్డును వదల్చు సబ్బుగుణము దానికి లేదు. అది క్రిమిసంహారక మంతకంటె గాదు. మెరసిన పళ్లెమెల్ల శుభ్రమైనదనుట భ్రాంతి. మరియొక హెచ్చరిక: బ్లీచింగు పౌడరుతో ఏ యామ్లమును కలుపరాదు. కలిపినచో క్లోరిను వాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేయును. ఈ విషయమున చింతపులుసునకును మినహాయింపు లేదు.

మన పక్షమువారికిని ఒక మాట చెప్పక తప్పదు. "త్రుప్పును కరగించునది ప్రేవులను కరగింపదా?" యని కొందరు సభలలో గర్జించుచున్నారు. ఈ వాదము నిలువదు. మన జఠరరసము అంతకన్న తీక్ష్ణమైన యామ్లము. నిమ్మరసమును త్రుప్పును కరగించును. దానిని త్రాగుట మానితిమా? ఆ పానీయమును మానుమనుటకు అందలి చక్కెరయు, దంతములకు అది చేయు చెరుపును చాలును. సత్యము చేతనుండగా అసత్యమును అరువు తెచ్చుకొనువాడు తన వ్యాజ్యమును తానే ఓడించుకొనును.

సోదరులారా! ఇత్తడికి చింతపండు, కొళాయిగారకు నిమ్మచెక్క, జిడ్డుకు సబ్బు: ఇవి మన యింటనే యున్నవి. వీనిని విడిచి చక్కెరనీటికి రొక్కము పోయుట శుద్ధియు గాదు, బుద్ధియు గాదు.