ఆగిన జీపు ఇనుము కాదు

పర్చూరు నుంచి చిలకలూరిపేట దాకా, అద్దంకి నుంచి నరసరావుపేట దాకా ఏ ఊళ్లోకి వెళ్లినా ఏదో ఒక దొడ్లో పాత జీపు కనిపిస్తుంది. గడ్డివాము పక్కనో, వాడకం మానేసిన పొగాకు బ్యారన్ గోడ నీడలోనో నిలబడి ఉంటుంది. టైర్లు మట్టిలో కూరుకుపోయి ఉంటాయి, టాపు గుడ్డ పీలికలై ఉంటుంది, బానెట్ మీద ఎవరో పిడకలు ఆరేసి ఉంటారు. దాని సంగతి ఎవరినడిగినా ఒకటే జవాబు: ఇనుముకి వేసేయడమే. ఏ కుర్రాడైనా దాన్ని కొని బాగుచేయించుకుంటానంటే ఇంట్లో పెద్దలు మొదలుకొని టౌన్లో ఫైనాన్స్ ఏజెంటు దాకా అందరిదీ ఒకే సలహా: 'దాని మీద తగలేసే డబ్బేదో డౌన్‌పేమెంట్ కట్టి కొత్త థార్ తీసుకో.' ఈ మాట మన ప్రాంతంలో లోకజ్ఞానంగా చెలామణీ అవుతోంది. ఇది తప్పు. ఆగిపోయిన జీపుల్లో చాలావాటికి ప్రాణం ఉంది. వాటిని వాటి సొంత ఇంజనుతో, సొంత బాడీతో మళ్లీ నడిపించవచ్చు. నడిపించాలి కూడా.

ఈ బండి మన నేల మీదికి ఎలా వచ్చిందో మరిచిపోయాం కాబట్టే ఇంత తేలిగ్గా ఇనుము అనగలుగుతున్నాం. 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక, 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక పల్లె జనం ప్రభుత్వాన్ని చూసింది బీడీవో గారి జీపు రూపంలోనే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. ఆ మధ్యకాలంలో కుడికాలువ పనుల మీద ఇంజనీర్లు తిరిగింది జీపుల్లోనే. ఆఫీసుల్లో వాడి వేలం వేసిన బండ్లు మెల్లగా రైతుల ఇళ్లకి చేరాయి. విత్తనాల బస్తాలు, పురుగుమందు డబ్బాలు, కూలీలు, కల్లం నుంచి మిర్చి టిక్కీలు, అర్ధరాత్రి నొప్పులు మొదలైన ఆడకూతురు, అన్నీ అందులోనే వెళ్లాయి.

అలా వెళ్లగలగడానికి కారణం నల్లరేగడి. ఈ నేల తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. ఒక వాన పడ్డాక రేగడి డొంకలో బండి నాలుగు బారలు వెళ్లేసరికి మట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది. అక్కడ పనికొచ్చేది సన్న టైరు. పైన మెత్తబడిన పొరను కోసుకుంటూ దిగి, కింద ఇంకా తడవని గట్టినేలను అందుకుంటుంది. వెడల్పు టైరు ఆ జిగటమట్టి మీదే తేలి, దాన్నంతా తనకి అంటించుకుని జారుతుంది. పాత మహీంద్రా జీపు సీజే3బీకి కంపెనీ ఇచ్చిన టైరు 6.00-16. ఇరుకైన టైరు, సుమారు టన్ను బరువున్న బండి, చక్రాల మధ్య ఎనభై అంగుళాల దూరం, ముందు చక్రాలకి కూడా పవర్ పంపే గేరు. రేగడి కోసం కొలిచి చేయించినట్టే ఉంటుంది. లావు టైర్ల మీద ఊరేగే ఇవాళ్టి షోకు బండ్లు జూలైలో ఈ డొంకల్లో దిగబడితే ట్రాక్టరు పెట్టి లాగాల్సి వస్తోంది.

ఆ సీజే3బీ 1953లో అమెరికాలో విల్లీస్ కంపెనీ తెచ్చిన నమూనా. అక్కడ 1968లో ఆపేశారు. ఇక్కడ మహీంద్రా ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తయారుచేసింది. మొదట్లో 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను. తర్వాత డీజిల్ వచ్చింది. అది మన పొలాల్లో తిరిగిన ఇంటర్నేషనల్ బీ-275 ట్రాక్టరు ఇంజను వంశానిదే. 1980ల్లో ఎమ్మెమ్ 540తో ప్యూజో 2.1 లీటర్ల డీజిల్ ఇంజను వచ్చింది. వీటిలో వేటిలోనూ కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. ట్రాక్టరు ఇంజను విప్పడం వచ్చిన మేస్త్రికి ఈ ఇంజను కొత్త కాదు. మన దగ్గర పేటపేటకీ అలాంటి మేస్త్రి ఉన్నాడు. స్పేర్లకి విజయవాడ ఆటోనగర్ ఉంది. అరిగిన షాఫ్టు మీద లోహం పోసి మళ్లీ కొలతకి తెచ్చే లేత్ షాపులు చిలకలూరిపేటలో, గుంటూరులో లారీల పుణ్యమా అని బతికే ఉన్నాయి. ఇంత వసతి చుట్టూ పెట్టుకుని బండి 'బాగుపడదు' అనడం న్యాయం కాదు.

అసలు 'ఆగిపోయింది' అంటే ఏమిటి? చిలకలూరిపేట దగ్గరి పల్లెలో ఇంజను పట్టేసిన ఒక ఎమ్మెమ్ 540ని విప్పుతుంటే దగ్గరుండి చూశాను. ఇంటాయన పోయాడు, కొడుకులు హైదరాబాద్‌లో ఉన్నారు, బ్యాటరీ దిగిపోయింది, ఎఫ్‌సీ గడువు దాటింది. బండి ఆగడానికి ఇవే కారణాలు, ఇంజను తప్పేమీ లేదు. ఎయిర్ క్లీనర్ మూత తీస్తే లోపల ఎలుక పత్తితో గూడు కట్టి ఉంది. గింజలతో సహా పత్తి. మేస్త్రి నాలుగు నాజిళ్లూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో డీజిల్, ఇంజనాయిల్ కలిపి పోసి వదిలేశాడు. తొందరపడి సెల్ఫ్ కొట్టలేదు, ట్రాక్టరుతో లాగించనివ్వలేదు. "పట్టేసిన రింగుని బలవంతంగా కదిపితే విరిగిపోద్ది బాబాయ్, అది నానాలి" అన్నాడు. కొన్నాళ్లకి టాప్ గేరులో వేసి, నలుగురు మనుషులు బండిని ముందుకీ వెనక్కీ ఊపారు. మొదట కదల్లేదు. తర్వాత ఫ్యాన్ వేలెడంత తిరిగింది. తర్వాత జానెడు. సిలిండర్లలో మిగిలింది బయటికి కక్కించి, ట్యాంకులో తుప్పు కడిగి, ఫిల్టర్ మార్చి, పంపు మీద స్క్రూ వదులు చేసి ఎయిర్ తీశాడు. ముందు నురగ వచ్చింది, ఆ తర్వాత బుడగ లేని డీజిల్ వచ్చింది. అప్పుడు నాజిళ్లు బిగించి, హీటర్ ప్లగ్గులు ఎర్రబడేదాకా ఆగి సెల్ఫ్ కొడితే కొట్టం నిండా తెల్లపొగ కమ్మింది, ఇంజను అందుకుంది. ఆ ఇంజనులో కొత్తగా వేసిన లోహపు భాగం ఒక్కటి కూడా లేదు. ఊరంతా ఇనుము అని తీర్పు చెప్పిన బండి అది.

అన్ని బండ్లూ ఇంత సులువుగా లేస్తాయని అనను. బోరు అరిగి ఉంటే లైనర్లు, పిస్టన్లు, రింగులు వేయించాలి. క్రాంక్ గ్రైండింగ్ చేయించాల్సి రావచ్చు. అయినా లెక్క వేసి చూడండి. ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్న కొత్త థార్ రోడ్డెక్కాలంటే లక్షల్లో ఖర్చవుతుంది. అది అప్పు, నెలనెలా వడ్డీతో సహా కట్టాలి. పత్తి ధర పడినా, మిర్చికి నల్లతామర పురుగు తగిలినా వాయిదా ఆగదు. పాత బండికి ఖర్చు మన వీలుని బట్టి పెట్టుకోవచ్చు: ఈ పంటకి బ్రేకులు, వచ్చే పంటకి ఇంజను, ఆ పై ఏడు బాడీ. తీసుకున్న అప్పు పంట పోయిన ఏడాది మనిషిని ఏం చేస్తుందో 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాలు చూశాయి. పురుగుమందు తాగి పోయిన రైతుల ఇళ్లు ఇంకా ఈ ఊళ్లలో ఉన్నాయి. అలాంటి చోట యువకుడికి అప్పుని వివేకంగా, మరమ్మతుని వెర్రిగా చూపించడం నాకు మింగుడుపడదు.

ఎదుటివాళ్ల దగ్గర ఉన్న బలమైన సాక్ష్యం వేరే ఉంది. జీపు కొని, రెండేళ్లు షెడ్డులో పెట్టి, లక్షలు పోసి చివరికి అమ్ముకున్నవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్లని చూపించి మిగతావాళ్లని భయపెడుతుంటారు. ఆ బండ్ల చరిత్ర కొంచెం తవ్వితే దాదాపు ప్రతిచోటా ఒకే పొరపాటు బయటపడుతుంది. రంగుతో మొదలుపెట్టి ఉంటారు. టింకరింగ్, పెయింటింగ్, కొత్త సీట్లు, కొత్త టాపు అయ్యేసరికి డబ్బు అయిపోతుంది. బ్రేకు పట్టదు, స్టీరింగ్ బాక్సులో ఆట పోదు, ఇంజను పొగ తగ్గదు. ఈ వరస తిరగేయాలి. ముందు బ్రేకులు: మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, పైపులు. తర్వాత స్టీరింగ్, కింగ్ పిన్నులు, కమానుకట్టలు. తర్వాత ఇంజను, పంపు, నాజిళ్లు. ఆ తర్వాత వైరింగ్. వైరింగ్ పాతది ఎంత బాగా కనిపించినా మొత్తం పీకేసి కొత్తది వేయాలి, ఎండిన వైరే ఈ బండ్లని తగలబెడుతుంది. రంగు ఆఖర్న. తుప్పు ఆగడానికి ప్రైమర్ కొట్టి ఒక పంటకాలం తిప్పినా బండికి నష్టం లేదు.

రెండో రకం వైఫల్యం ఇంకా ఘోరమైనది. హర్యానాలోని మండీ దబ్వాలీ మాడిఫైడ్ జీపులకి పేరుపడ్డ ఊరు. ఆ వీడియోలు చూసి మన కుర్రాళ్లు కూడా పాత జీపు ఇంజను పీకేసి ఏదో కారు ఇంజను ఎక్కిస్తున్నారు, బాడీ కోసి పొడిగిస్తున్నారు, పొలం దున్నే ట్రాక్టరుకి వేసేంత పెద్ద టైర్లు వేస్తున్నారు. దీన్ని బాగుచేయడం అనకూడదు. డ్రమ్ము బ్రేకులు ఆపగలిగే వేగానికి మించిన ఇంజను, స్టీరింగ్ బాక్సు మోయగలిగే బరువుకి మించిన చక్రాలు వేస్తే మనుషులు పోతారు. చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇలా తయారైన బండిని ఆర్టీవో ఆఫీసులో నిలబెట్టలేక దాచుకున్నవాళ్లని చూపించి 'పాత జీపులతో ఇదే గొడవ' అంటున్నారు. ఆ గొడవ పాతదనం వల్ల వచ్చింది కాదు, మార్చడం వల్ల వచ్చింది.

చట్టం పేరు చెప్పి భయపెట్టే మాట ఇంకొకటి ఊరూరా తిరుగుతోంది: పదిహేనేళ్లు దాటితే బండి తుక్కే అని. డీజిల్‌కి పదేళ్లు, పెట్రోలుకి పదిహేనేళ్లు అన్న ఆంక్ష ఢిల్లీ పరిసర ప్రాంతానిది. మన దగ్గర సొంత వాహనానికి పదిహేనేళ్ల తర్వాత తనిఖీ చేయించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు. ఫీజు పెరిగిన మాట నిజం. కారు తరగతికి 2022 ఏప్రిల్ నుంచి 5,000, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టు నుంచి 10,000. అది బాధే, కానీ నిషేధం కాదు. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చని బండికి 20,000 కట్టి 'వీఏ' నంబరు తీసుకోవచ్చు. రైతులు మాత్రం ఆ నంబరు జోలికి పోవద్దు. దాంతో ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకి తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాలకి ఏపీ 7, ఏపీ 27 నంబర్లు రాకముందటి మూడక్షరాల నంబరు ఉన్నా సరే, పాత ఆర్సీనే బతికించుకోండి. ఆర్సీ లేని బండి, ఛాసిస్ మీద నంబరు చెరిగిన బండి, కమాను బ్రాకెట్ల దగ్గర ఛాసిస్ తుప్పుకి పొరలుగా ఊడుతున్న బండి ఎంత చవగ్గా ఇచ్చినా కొనొద్దు. నా వాదన వాటికి వర్తించదు.

పొగ సంగతి దాటవేయను. పాత డీజిల్ ఇంజను కొత్తదాని కంటే ఎక్కువ పొగ వదులుతుంది. అయితే మనం రోడ్డు మీద చూసే నల్లపొగలో పెద్ద వంతు పంపు సెట్టింగ్ తప్పడం వల్ల, నాజిళ్లు చుక్కలు కార్చడం వల్ల, మూసుకుపోయిన ఎయిర్ క్లీనర్ వల్ల వచ్చేదే. అవి సరిచేయించడం మరమ్మతులో భాగం. ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి యార్డుకి తిరిగే బండి ఏడాదికి నడిచేది తక్కువ. దాన్ని తుక్కు చేసి, ఇంకో టన్నున్నర ఉక్కు కరిగించి కొత్త బండి తయారుచేయడానికి పోయే బొగ్గు లెక్కలోకి రావాలా వద్దా? భద్రత విషయంలో మాత్రం పాత జీపు వద్దనేవాళ్లతో నాకు పేచీ లేదు. ఎయిర్‌బ్యాగులు లేని, తలుపులు గుడ్డవైన బండిని జాతీయ రహదారి మీద నూరు వేగంతో తోలకూడదు. సీటు బెల్టులు బిగించుకుని డొంకల్లో, ఊళ్ల మధ్య రోడ్ల మీద నింపాదిగా తోలుకోవాలి. అది దానికి తగిన పని, మనకి కావలసిన పని కూడా అదే.

ఇప్పుడు తొందరపడాల్సిన కారణం ఒకటి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు. వాటిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికే పంపాలి. ఒకప్పుడు సమితి జీపుని రైతు వేలంలో పాడుకున్న దారి దీంతో మూసుకుపోయింది. నీటిపారుదల శాఖ ఆఫీసుల వెనక, మండల ఆఫీసుల చింతచెట్ల కింద ఉన్న జీపులు వరసగా నలిగిపోతే, వాటితోపాటు హౌసింగులు, ట్రాన్స్‌ఫర్ కేసులు, స్టీరింగ్ బాక్సులు పోతాయి. పల్లెల్లో ఆగి ఉన్న బండ్లు లేవడానికి కావలసిన అసలు స్పేర్లు అవే. బండిని నలిపేముందు ఈ భాగాలు విప్పి, వాటికి ధర కట్టి, బహిరంగంగా అమ్మమని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించాలి. ప్రతి జిల్లాకీ కొన్ని జీపులు పూర్తిగా గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట ఐటీఐలకి ఇవ్వాలి. పట్టేసిన ఇంజనుని నానబెట్టి లేపడం తెలిసిన మేస్త్రులని అక్కడికి పిలిచి, ఆ పనికి కూలి ఇచ్చి పిల్లలకి నేర్పించాలి.