మదింపు చేసేది ఎవరి మనిషి?

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలలో, వాన నీళ్లు నిలుస్తాయి. ఆ నీటి మీదే చుట్టుపక్కల ఊళ్లు వరి పండిస్తాయి, చేపలు పడతాయి. అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం కడతామని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ వచ్చేసరికి, కాగితాల్లో ఆ నేల బీడయిపోయింది. కేంద్ర ప్రభుత్వం పర్యావరణ అనుమతి ఇచ్చింది. 2010 జులై 14న, ప్లాంటును వ్యతిరేకిస్తున్నవారిపై జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. సరిగ్గా అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అప్పీలులో కనిపించిన చిత్తడి నేల అనుమతిచ్చినప్పుడు ఎందుకు కనిపించలేదు?

జవాబు మదింపు జరిగే తీరులోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ మదింపు నివేదికను తెచ్చివ్వాల్సింది ప్రాజెక్టు యజమానే. కన్సల్టెంటును ఎంచుకునేదీ, ఫీజు కట్టేదీ ఆయనే. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు తప్పనిసరి అయ్యాక కన్సల్టెంట్ల అర్హతలపై కొంత అదుపు వచ్చింది. డబ్బు వచ్చే దారి మాత్రం మారలేదు. 'ఈ చోటు పనికిరాదు' అని రాసిన సంస్థను మరో కంపెనీ పిలుస్తుందా? రత్నగిరిలో ఒక బాక్సైట్ గని నివేదికలోకి రష్యా గని వివరాలు ఎత్తి రాసిన సంగతి బయటపడింది. ఇలాంటివి అజాగ్రత్తతో జరిగాయంటే నేను నమ్మను.

సర్వే కాలం ఇంకో సమస్య. చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాని ఒక్క సీజన్ వివరాలు చాలంటారు. బీలల్లాంటి చిత్తడి నేలలు నిండేది వానల్లోనే కదా! ఎండల్లో కొలిస్తే అక్కడ చేపలెక్కడివి? ఇక ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చే రైతు చేతికి తెలుగులో అందేది సాధారణంగా సారాంశమే. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లిషులో ఉంటుంది.

నెదర్లాండ్స్‌లో 1987 నుంచి ఒక స్వతంత్ర కమిషన్ ఇలాంటి నివేదికలను పరిశీలించి, తన అభిప్రాయాన్ని బహిరంగంగా చెబుతోంది. మన సుప్రీంకోర్టూ 2011లో లాఫార్జ్ కేసు తీర్పులో జాతీయ పర్యావరణ నియంత్రణ సంస్థ కావాలంది, 2014 జనవరిలో మళ్లీ ఆదేశించింది. కోర్టు కోరిన రూపంలో అది ఇప్పటికీ రాలేదు. దానికోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. కంపెనీ ఫీజును ప్రభుత్వ నిధిలో జమచేయించి, కన్సల్టెంటును అనుమతి దరఖాస్తులను పరిశీలించే నిపుణుల కమిటీయే నియమించవచ్చు. వానాకాలం కొలతలు లేని నివేదికను చిత్తడి నేలల విషయంలో తిప్పి పంపవచ్చు. పూర్తి నివేదికను తెలుగులో పంచాయతీకి చేర్చాకే ప్రజాభిప్రాయ సేకరణ సభ తేదీ ప్రకటించవచ్చు.