పరిశోధన పత్రాలు సరే, పలాస బస్తా మాటేమిటి?

నిమ్మాడ: బిజినెస్ స్కూళ్ల సంగతులకు ఈ పుటలో సాధారణంగా చోటుండదు. ధరవరలు, సరుకు రాకలు, గిరాకీ చూసుకునే వర్తకునికి ప్రొఫెసర్ల పత్రాలతో పనేమిటని అడిగేవారుంటారు. పని ఉన్నదనే ఈ వ్యాసకర్త అభిప్రాయం.

హైదరాబాదులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో ఆరంభమైంది. అమెరికాలోని వార్టన్, కెలాగ్ విద్యాలయాలు, లండన్ బిజినెస్ స్కూలు దానికి తోడు నిలిచాయి. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957లోనే ఎం.బి.ఏ. కోర్సు ప్రారంభించింది. అదే నగరానికి 2015లో ఐ.ఐ.ఎం. వచ్చింది. మన జిల్లాలోనే ఎచ్చెర్లలో 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ప్రకటిస్తున్న ర్యాంకుల్లో పరిశోధనకు ప్రత్యేకంగా మార్కులున్నాయి. అందుచేత విద్యాలయాలన్నీ పత్రాల సంఖ్య పెంచడానికి, విదేశీ విద్యాలయాలతో ఒప్పందాలు కుదుర్చుకోవడానికి పోటీ పడుతున్నాయి. ఇది మెచ్చదగిన పరిణామమే. బయటి ప్రపంచం మన చదువును లెక్కలోకి తీసుకోవడం చిన్న విషయం కాదు.

అయితే విదేశీ పత్రికలో అచ్చు కావాలంటే అక్కడివారికి ఆసక్తి ఉన్న విషయం కావాలి, చేతికందే లెక్కలు కావాలి. షేరు మార్కెట్‌లో నమోదైన పెద్ద కంపెనీల లెక్కలు కూర్చున్నచోటే దొరుకుతాయి. కాశీబుగ్గ బజారు లెక్కలు అలా దొరకవు. కనుక పరిశోధన అటే పోతుంది. ఈ వ్యాసకర్త బి.కాం. చదివిన మూడేళ్లలో జీడిపిక్క అన్న మాట పాఠంలో ఒక్కసారీ వినలేదు.

దీనివల్ల నష్టమేమిటో ఒక్క ఉదాహరణ చాలు. మన దగ్గర పిక్కల బేరం 80 కిలోల బస్తా మీద సాగుతుంది. అంతర్జాతీయ బేరానికీ ఆ బస్తాయే కొలత. కాని అక్కడ ధర కట్టేది బస్తాకు కాదు, అందులో దిగే పప్పుకు. నమూనా పిక్కలు కోసి, బస్తాకు ఎన్ని పౌన్ల పప్పు వస్తుందో తేల్చి బేరమాడతారు. 48 పౌన్లు దిగే సరుకుకూ 45 పౌన్లు దిగే సరుకుకూ బస్తాకు 1.36 కిలోల పప్పు తేడా. వంద బస్తాల లోడుకు 136 కిలోలు! ఉద్దానం తోటల దగ్గర మాత్రం బేరం చాలావరకు కంటిచూపు మీదనే నడుస్తోంది. మంచి పిక్క పండించిన రైతుకు ఎక్కువ ముట్టదు. నాసి సరుకు కొన్న ఫ్యాక్టరీకి నష్టం తప్పదు.

ఇక ధర సంగతి. మన పంట మార్చి నుంచి మే వరకు బజారుకు వస్తుంది. ఐవరీ కోస్టు పంట కూడా ఇంచుమించు అప్పుడే దిగుతుంది. ఆ పిక్కల కోసం వియత్నాం ఫ్యాక్టరీలు మనతో పోటీపడుతున్నాయి. దిగుమతి పిక్కలపై సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 5 శాతం నుంచి రెండున్నర శాతానికి తగ్గించారు. అదే ఏడాది అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలమట్టం చేసింది. ఈ రెండింటిలో దేనివల్ల రైతు ధర ఎంత కదిలింది? ఫ్యాక్టరీకి మిగిలింది ఎంత? బస్తాకు రూ.16,000 కావాలని రైతులు ఆందోళనకు దిగితే, ఇవ్వలేమని వ్యాపారులు అన్నారు. ఇరుపక్షాలూ నమ్మదగిన లెక్క మధ్యలో లేదు. ఉంటే తగవు కొంతైనా తగ్గేది.

విదేశీ ఒప్పందాల ప్రయోజనం ఇక్కడే కనిపించాలి. వియత్నాంలోనో, ఐవరీ కోస్టులోనో ఒక విద్యాలయంతో చేయి కలిపి, రెండు చోట్లా ఒకే సీజనులో ధరలు సేకరిస్తే అది పలాసకూ పనికివస్తుంది, విదేశీ పత్రికలో అచ్చుకూ అర్హమవుతుంది.

తప్పంతా ప్రొఫెసర్లదేనని అనడం న్యాయం కాదు. పరిశోధక విద్యార్థి వచ్చి ఖాతాలు చూపమంటే మనలో ఎందరు చూపుతారు? పన్నుల వారి మనిషేమోనన్న అనుమానం ఒకటి, పక్క ఫ్యాక్టరీకి గుట్టు తెలుస్తుందన్న భయం ఒకటి. లెక్క దాచిన బజారుకు సలహా చెప్పడం ఎవరి తరమూ కాదు.

కనుక రాబోయే పంటకు ముందే వర్తక సంఘాలు ఒక పని చేయవచ్చు. పేర్లు లేకుండా, రోజువారీ కొనుగోలు ధర, దిగిన పప్పు, గుండు, బద్ద, ముక్కల వాటా మాత్రం ఎచ్చెర్లకో, విశాఖకో ఇస్తామని ముందుకు రావాలి. ప్రతిఫలంగా ఒక్క షరతు పెట్టాలి: ఇంగ్లీషు పత్రం ఎక్కడ అచ్చయినా, దాని సారాంశం నాలుగు పుటల తెలుగులో పలాస బజారుకు చేరాలి. పంట దిగేవేళకు చేరితే మరీ మంచిది. ఆ నాలుగు పుటలు వచ్చిననాడు పరిశోధన మనదీ అవుతుంది.