చెవిలోపల నత్తనడక

రోబో సర్జరీ అనగానే నాకు ముందు ‘రోబో’ సినిమాలో చిట్టి గుర్తొస్తాడు. ఏ పనైనా చకచకా చేసేస్తాడు కదా! కానీ కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌లో రోబో గొప్పతనం స్పీడ్ కాదు.. నత్తనడక!

విషయం ఏంటంటే, మన లోపలి చెవిలో కాక్లియా ఉంటుంది. బఠాణీ గింజంత సైజు, నత్తగుల్లలా రెండున్నర చుట్లు. అందులో వెంట్రుకల్లాంటి కణాలు శబ్దాన్ని నరానికి అందిస్తాయి. అవి బాగా దెబ్బతింటే మామూలు హియరింగ్ ఎయిడ్ చాలదు. అప్పుడు ఆ గుల్లలోకి సన్నని ఎలక్ట్రోడ్ తీగ పంపిస్తారు. అది నేరుగా వినికిడి నరాన్ని తట్టి లేపుతుంది.

తీగను గబగబా తోస్తే లోపలి పొరలు చిరగొచ్చు. మిగిలున్న కాస్త వినికిడి కూడా పోవచ్చు. ఎంత చేయి తిరిగిన డాక్టరుకైనా సెకనుకు ఒక మిల్లీమీటరు కన్నా బాగా నెమ్మదిగా, వణక్కుండా తోయడం కష్టం. రోబో అయితే సెకనుకు 0.1 మి.మీ. చొప్పున కూడా తోస్తుంది. అలాంటి ఐయోటాసాఫ్ట్ అనే పరికరానికి అమెరికాలో 2021లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో అయితే చెవి వెనక ఎముకలో సన్నని సొరంగం తొలిచే పని కూడా రోబోకే అప్పగించారు. తొలి పేషెంటు సంగతి 2017లో బయటపెట్టారు. ఆ సొరంగం పక్కనే ముఖాన్ని కదిలించే నరం ఉంటుంది. కాస్త తేడా వస్తే మూతి వంకరపోతుంది మరి!

అలాగని ‘రోబో ఉన్న ఆస్పత్రి దొరికేదాకా ఆగుదాం’ అంటే నేను ఒప్పుకోను. పుట్టుకతో వినపడని పిల్లలకు మొదటి రెండు మూడేళ్లు బంగారం. మెదడు మాటలు పట్టుకునే టైం అదే. దశాబ్దాలుగా డాక్టర్లు తమ చేతులతోనే ఈ ఆపరేషన్లు చక్కగా చేస్తున్నారు. మన దగ్గర ఆరోగ్యశ్రీ కింద కూడా ఎందరో పిల్లలకు ఇంప్లాంట్లు పెట్టారు.

ఇంకో మాట. ఆపరేషన్ అవ్వగానే వినపడదు. కొన్నాళ్లయ్యాక బయటి మెషిన్ ఆన్ చేస్తారు. ఆ తర్వాత నెలల తరబడి థెరపీ. ‘అమ్మ’, ‘తాత’, ‘కాకి’ అంటూ రోజుకు వందసార్లు చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే. ఆ ఓపిక ఏ రోబోకీ రాదు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో పసిబిడ్డ చప్పుడుకు తిరిగి చూడట్లేదా? ‘వాళ్ల నాన్నకీ మాటలు లేటే’ అని సర్దిచెప్పుకోకండి. బిడ్డ నిద్రలో ఉండగానే చేసే వినికిడి టెస్టులున్నాయి. వెంటనే చేయించండి. నత్తనడక రోబోకి అందం.. మనకి కాదు.