ఆరుబయట పాట వినబోయే ముందు

భిలాయి వాసులకు ఆరుబయలు సంగీతసభలు కొత్త కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన నాటినుంచీ ఆ ఉక్కునగరానికి దేశం నలుమూలలనుంచి కార్మికులు తరలివచ్చారు. తెలుగువారు, బెంగాలీలు, మలయాళీలు ఎవరి పండుగలను, ఎవరి పాటలను వారు వెంట తెచ్చుకున్నారు. వాటన్నిటికీ పైకప్పు గల మందిరాలు ఎక్కడ చాలుతాయి? ఛత్తీస్‌గఢ్ జానపద కళలైతే పుట్టిందే ఆకాశం క్రింద. హబీబ్ తన్వీర్ నాటకం “చరణ్‌దాస్ చోర్” 1970వ దశకం మధ్యలో తొలి రూపు దాల్చింది భిలాయి బయలులోనే. ఆ నాటకమే 1982లో ఎడింబరో నాటకోత్సవంలో బహుమతి గెలుచుకున్నది.

అయినా టిక్కెట్టు కొని, పిల్లలతోనూ పెద్దలతోనూ బయలుదేరిన కుటుంబం రెండు గంటలు కూర్చుని, సగం మాటలు వినబడక, నడుములు పట్టుకుపోయి ఇల్లు చేరడం తరచు జరుగుతూనే ఉంటుంది. ఇందులో గాయకుని దోషం తక్కువ. కూర్చున్న చోటులోనే చాలా ఉంది.

చదునైన నేలమీద ముందువరుసల తలలూ దుస్తులూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. వెనుకవారికి చేరేది మిగిలిన కొద్దిపాటి ధ్వని. మెట్లమెట్లుగా కట్టిన రంగస్థలంలో ప్రతి వరుసకూ వేదికనుంచి నేరుగా దారి ఉంటుంది. ఈ కిటుకు మన పూర్వులకు తెలియనిది కాదు. క్రీస్తుశకం మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో కట్టిన మెట్ల రంగస్థలాన్ని నాగార్జునసాగర్ నీటిలో మునగకుండా తరలించి అనుపు వద్ద తిరిగి నిలిపారు. అక్కడికి వెళ్లినవారు మెట్లమీద నిలబడి ఒకరినొకరు పిలిచి చూసుకోకుండా రారు. గ్రీసు దేశంలోని ఎపిడారస్ రంగస్థలంపై 2007లో అమెరికా శాస్త్రజ్ఞులు పరిశోధన చేసి, సున్నపురాతి మెట్ల వరుసలు జనం చేసే మందస్థాయి రొదను అణచి, కంఠంలోని హెచ్చుస్థాయి స్వరాలను వెనుకకు చేరవేస్తాయని తేల్చారు.

కనుక మెట్లున్నచోట అట్టడుగు వరుసకోసం తోసుకోనక్కరలేదు. వేదికకు ఎదురుగా, మధ్య మెట్లలో స్థానం దొరికితే అదే ఉత్తమం. లౌడ్‌స్పీకర్లు అమర్చిన సభల్లో మరొక చిక్కున్నది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. ఒక స్పీకరు దగ్గరగా, మరొకటి 34 మీటర్లు ఎక్కువ దూరంగా ఉన్నచోట కూర్చుంటే రెండవదాని మాట పదవవంతు సెకను ఆలస్యంగా వచ్చి మొదటి మాటమీద పడుతుంది. తబలా ముక్తాయింపు రెండుసార్లు మ్రోగుతుంది. అలా అనిపించినప్పుడు సహించి కూర్చోవడం కన్న నాలుగు బారలు ప్రక్కకు జరగడం మేలు. గాలివాలు కూడ చూసుకోవాలి. వేదికనుంచి తమవైపు గాలి వీచేచోట పాట స్పష్టంగా వినవస్తుంది. గాలి ఎటు పోతున్నదో తెలియాలంటే బయట బజ్జీల పొయ్యి పొగను గమనిస్తే చాలు. ప్రొద్దుగూకి నేల చల్లబడిన తరువాత శబ్దం క్రిందికి వంగి దూరానికి సాగుతుంది. సాయంత్రం నాలుగింటికి వినబడని చివరి మెట్టుమీద రాత్రి ఎనిమిదికి హాయిగా వినబడడంలో వింత లేదు.

ఏమి వినబోతున్నారన్నదాన్ని బట్టి కూడ చోటు మారుతుంది. పండవానీ మహాభారతాన్ని గానం చేసే కళ. అందులో రెండు శైలులున్నాయి. భిలాయిలో పుట్టిన రీతూవర్మ పాడే వేదమతి పద్ధతిలో గాయని కూర్చుని కథ చెబుతుంది. కొంత దూరాన కూర్చున్నా నష్టం లేదు. భిలాయికి దాపున ఉన్న గనియారీ గ్రామంలో జన్మించి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ బాయిది కాపాలిక శైలి. ఆ శైలిలో గాయని లేచి నిలబడి అభినయిస్తుంది. చేతిలోని తంబూరా ఒక క్షణంలో భీముని గద, మరుక్షణంలో అర్జునుని ధనుస్సు. ప్రక్కనున్న సహగాయకుడు మన బుర్రకథలో వంతపాడేవారివలె ఊకొడుతూ కథను ముందుకు నెడతాడు. ఆ ముఖమూ ఆ తంబూరా కనబడనివాడు సగం కథే విన్నట్లు! ఇటువంటి ప్రదర్శనకు గంట ముందు వెళ్లి దగ్గర చోటు సంపాదించడం సార్థకం. చిన్న అద్దాల పెట్టెలో పట్టుకుని ఇంట్లో చూసుకోవచ్చని ఫోన్లెత్తి వెనుకవారికి అడ్డుపడేవారు తాముకూడ ఆ ముఖాన్ని చూడడం లేదు.

ఇక శరీరం సంగతి. రాతిమెట్లు, సిమెంటు మెట్లు వేసవిలో ప్రొద్దుగూకినా గంటల తరబడి వేడి కక్కుతాయి. డిసెంబరు, జనవరిలలో భిలాయి రాత్రి 10 డిగ్రీల దాపుకు దిగినప్పుడు అవే మెట్లు కూర్చున్నవారి వేడిని లాగేస్తాయి. నాలుగు మడతల పాత వార్తాపత్రిక, దానిమీద చాప, పైన దుప్పటి పరిస్తే చలి పైకి రాదు. వృద్ధులను వీపు ఆనించుకునే వీలున్న చోట కూర్చోబెట్టాలి. వానకాలపు ఉత్సవాల్లో దోమలు అసలు శత్రువులు. 2018లో దుర్గ్-భిలాయి ప్రాంతం డెంగూతో అల్లాడిన సంగతి స్థానికులు మరువలేదు. ఆ దోమ పగటివేళ, ముఖ్యంగా సూర్యాస్తమయానికి ముందు కుడుతుంది. చోటుకోసం ముందుగా వచ్చి కూర్చునే సమయమూ అదే. పిల్లలకు కాళ్లు చేతులు కప్పే దుస్తులు వేయక తప్పదు.

చెవులను గురించి ఎవరూ తలచరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీతసభలకు సగటున 100 డెసిబెళ్ల గరిష్ఠ పరిమితిని సూచించింది. కొలిచే సాధనం లేకపోయినా, చేయిచాపు దూరంలో ఉన్న మనిషికి అరిచి చెప్పవలసి వస్తే శబ్దం మితిమీరినట్లే. స్పీకరునుంచి దూరం రెట్టింపైతే శబ్దతీవ్రత నాలుగవ వంతుకు పడిపోతుంది. పసిబిడ్డను ఎత్తుకుని స్పీకరు పెట్టె ప్రక్కన కూర్చోవడం క్షమించరాని అజాగ్రత్త.

2000వ సంవత్సరపు నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు రాష్ట్రప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. షిఫ్టులమీద నడిచే నగరంలో ఈ నియమం కాగితానికే పరిమితం కారాదు. తెల్లవారి కొలిమి ముందు నిలబడవలసిన మనిషి ఆ చుట్టుప్రక్కల క్వార్టర్లలో నిద్రకోసం అవస్థపడుతూ ఉండవచ్చు. పది కొట్టగానే పాట ఆగితే ఈలలు వేసే శ్రోతలు ఈ సంగతి ఎరగాలి.

ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది పాట ముగిసిన తరువాతనే. జనం వచ్చిన దారినే తిరిగి పోజూస్తారు. ప్రక్కదారి ఖాళీగా ఉన్నా దానివైపు చూడరు. కూర్చోబోయే ముందే రెండు దారులు గుర్తుపెట్టుకుని, విడిపోతే కలుసుకునే చెట్టో స్తంభమో పిల్లలకు చూపించి, ఫోన్ నంబరు వ్రాసిన చీటీ వారి జేబులో ఉంచాలి. పావుగంట ఆగి లేచేవారికి చీకటి మెట్లమీద తొట్రుపాటు ఉండదు. చేతిలో టార్చి ఉంటే మరీ మంచిది. ఒత్తిడిలో చిక్కుకుంటే చేతులు రొమ్ముకు అడ్డుగా మడిచి, గుంపుకు ఎదురొడ్డక, ఏటవాలుగా అంచుకు జరగాలి. జారిన చెప్పుకోసం వంగరాదు. రాత్రి షిఫ్టుకు మధ్యలోనే లేచి వెళ్లవలసినవారు మొదటినుంచీ నడవ ప్రక్కనే కూర్చుంటే, పాట నడుమ ఎవరి మోకాళ్లూ దాటనవసరం లేకుండా వెళ్లిపోవచ్చు.