చవకలో కంప్యూటరు పుస్తకం

పిల్లలకు పైథాన్ పుస్తకం ఎక్కడ చవక అని మా లింగసుగూరు తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. హైదరాబాదు వెళితే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ చూడండి. 1956 దాకా మనదీ ఆ రాష్ట్రమే కదా!

అయితే ఒక జాగ్రత్త. సి భాషకు కెర్నిఘన్, రిచీల పుస్తకం 1988 నాటి రెండో కూర్పయినా పనికొస్తుంది. పైథాన్ అలా కాదు. పైథాన్ 2 నిర్వహణను 2020 జనవరి 1తో ఆపేశారు. పుస్తకం తెరిచి ‘ప్రింట్’ అన్న ఆదేశం చూడండి. దాని పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పాత భాష, యాభైకిచ్చినా వద్దు.

కొత్తదైతే మన దేశంలో అచ్చయిన ప్రతినే అడగండి. విదేశీ ప్రతి ధరకు పదిహేను రోజుల కూరగాయలొస్తాయి! అలెన్ డౌనీగారి ‘థింక్ పైథాన్’ ఇంటర్నెట్‌లో ఉచితం. మొదటి నాలుగు అధ్యాయాలు అచ్చు తీయించి ఇవ్వండి, అబ్బాయి అవి పూర్తిచేశాక మిగతావి.